నూటపది గీతల థర్మామీటరులో నూటడెబ్బై

మీ ప్రాక్టికల్ రికార్డు పుస్తకంలో మీరు కళ్ళారా చూసి రాసిన వాక్యం ఒక్కటైనా ఉందా? తొందరపడి తల ఊపకండి. అట్టకు బ్రౌన్ పేపరు వేసి, ఎర్రసిరాతో శీర్షికలు పెట్టి, పక్కవాడి పుస్తకంలోంచి దించుకున్న సంగతి నాకు తెలుసు. తెలుసని ఎలా అంటున్నానంటే, అలాంటి పుస్తకాల మీద పాతికేళ్ళకు పైగా సంతకాలు పెట్టి జీతం తీసుకున్నవాణ్ణి నేను.

కెమిస్ట్రీ చెప్పాను. మొదట తెనాలిలో డిమాన్‌స్ట్రేటరుగా, తరవాత బాపట్లలో, ఆ తరవాత రేపల్లెలో. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఈ మూడు ఊళ్ళలో ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పను. ప్రతి ఊరివాళ్ళూ అది పక్క ఊరి కాలేజీ అనుకుంటారు. నాకూ క్షేమం, వాళ్ళకూ ఆనందం.

ఆ రోజుల్లో నాకు రెండు ఉద్యోగాలుండేవి. పగలు జీతానికి చేసేది కాలేజీలో. సాయంత్రం ఉచితంగా చేసేది సభల్లో. దేవుడున్నాడా లేడా, జాతకాలు నిజమా, మంత్రాలకు చింతకాయలు రాలతాయా అని మా ప్రాంతంలో ఊరూరా వాదాలు జరిగేవి. తెనాలిలో అయితే టీ కొట్టు దగ్గర ఇద్దరు కలుసుకున్నా ముందు మూడోవాణ్ణి అధ్యక్షుడిగా ఎన్నుకుని అప్పుడు మాట్లాడుకునేవాళ్ళు. నేను పుట్టింది ఆ పక్కనే, అంగలకుదురులో. పదిహేనేళ్ళకే పురాణాల మీద ప్రశ్నలు వేసి మా మేనమామ చేత వీపు మీద రెండు వేయించుకున్నవాణ్ణి. కెమిస్ట్రీ చదివాక నా నోటికి అడ్డు లేకుండా పోయింది. సంచిలో నాలుగు సీసాలు వేసుకుని బయల్దేరానంటే చాలు, చుట్టుపక్కల స్వాములకు విరేచనాలు పట్టుకునేవని మా మిత్రులు అనేవారు. మిత్రులు అన్నదే నేను నమ్మాను. నమ్మకం మీద అంత యుద్ధం చేసినవాణ్ణి ఆ మాట మాత్రం పరీక్షించకుండానే నమ్మాను.

ఇక కాలేజీ లాబ్ సంగతి. ఆల్కహాలులోంచి ఒక నీటి అణువును లాగేస్తే మిగిలేది ఆల్కీన్. పాఠం అంతే, ఒక్క వాక్యం. కొన్ని ఆల్కహాళ్ళు కాస్త వెచ్చగా అడిగితే చాలు, నీళ్ళు వదిలేస్తాయి. కాలేజీలో వాడే మామూలు స్పిరిట్, అంటే ఇథైల్ ఆల్కహాలు, మొండి ఘటం. గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోసి నూటడెబ్బై డిగ్రీల దాకా కాచితే తప్ప లొంగదు. లొంగితే ఎథిలీన్ అనే వాయువు వస్తుంది. నూటనలభై దగ్గరే ఆపేస్తే ఈథర్ వస్తుంది, అది వేరే సరుకు. వచ్చింది ఎథిలీనే అని రుజువేంటి? దాన్ని ఎర్రటి బ్రోమిన్ నీళ్ళలోకి పంపితే రంగు పోతుంది. రంగు పోయిందా, ఎథిలీన్ వచ్చింది. రికార్డు రాయి, సంతకం పెట్టించుకో, ఇంటికి పో.

మా కాలేజీలో ఏటా ఈ ప్రయోగం చేయించేవాళ్ళం. ఏటా రంగు పోయేది. ఏటా పిల్లలందరూ 'ఉష్ణోగ్రత: 170 డిగ్రీలు' అని రాసేవాళ్ళు. నేను టిక్కు కొట్టేవాణ్ణి.

ఇందులో చిన్న చిక్కుంది. మా లాబ్‌లో ఉన్న థర్మామీటర్లన్నీ నూటపది డిగ్రీల దాకా గీతలున్నవి. పన్నెండు థర్మామీటర్లు, పన్నెండూ నూటపదే. నూటడెబ్బై డిగ్రీల ఆసిడ్‌లో ముంచితే అవి చదవటానికి ఉండవు, పేలిపోతాయి. అందుకని మా హెడ్డు గారు, అంటే కెమిస్ట్రీ శాఖకు పెద్ద, వాటిని ఫ్లాస్కు పక్కన స్టాండుకు వేలాడదీయించేవారు. అలంకారానికి, పెళ్ళిపందిట్లో అరటిబోదెల్లాగా. ఆ వేలాడే థర్మామీటరు ఊళ్ళో ఎండెంతో చెప్పేది. పిల్లలు దాన్ని చూసి నూటడెబ్బై అని రాసేవాళ్ళు. లేని గీతను చదవగలిగిన విద్యార్థులను తయారుచేసిన ఘనత మాది.

మీకు నవ్వొస్తోంది. నాకు ఎనిమిదేళ్ళు నవ్వు రాలేదు. అసలు ఆ వైపు చూడనే లేదు.

డెబ్బైల మొదట్లో భట్టిప్రోలుకు ఒక స్వామి దిగాడు. పాపాలు కడగటం ఆయన వృత్తి. భక్తుడు ఎదురుగా కూర్చుంటే ఒక గ్లాసులో గులాబిరంగు నీళ్ళు పోసి 'ఇదీ నీ పాపం' అని చూపించేవాడు. ధూపం వేసి, ఆ పొగ మీద ఖాళీ సీసాను బోర్లించి పట్టేవాడు. పొగ నిండిన సీసాలో ఆ నీళ్ళు పోసి, అరచెయ్యి మూతగా పెట్టి నాలుగుసార్లు ఊపేవాడు. నీళ్ళు తేటగా అయిపోయేవి. పాపం కడిగేశాడన్నమాట. ఊరు ఊరంతా క్యూ కట్టింది.

వారం తిరక్కుండా అదే ఊళ్ళో సభ పెట్టించి నేను బల్ల ఎక్కాను. గులాబిరంగు పర్మాంగనేట్‌ది, బావుల్లో వేస్తారే అదే. ధూపంలో కలిపింది చిటికెడు గంధకం. గంధకం పొగ తగిలితే పర్మాంగనేట్ రంగు పోతుంది. చేసి చూపించాను. చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ లేచి, "అయితే నా పాపం ఎక్కడికి పోయినట్టు నాయనా?" అంది.

"ఎక్కడికీ పోలేదమ్మా. రంగే పోయింది."

ఇంకా గట్టిగా చప్పట్లు. ఆ ఊపులో నేను మైకు పట్టుకుని అరిచాను: "కళ్ళు మూసుకుని ఏదీ నమ్మొద్దు. ముక్కు మూసుకుని కూడా నమ్మొద్దు. ఆ ధూపం దగ్గర మీలో ఒక్కరైనా వాసన చూశారా? అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు రాలేదా? చూసింది చూసినట్టు చెప్పండి. సైన్సంటే అంతకన్నా ఏమీ లేదు."

ఆ జనంలో మా కాలేజీ డిగ్రీ అమ్మాయి ఒకామె ఉంది. నాకు తెలియదు. తెలిసినా ఇంకాస్త గట్టిగా అరిచేవాణ్ణేమో.

ఆ అమ్మాయిది సముద్రం ఒడ్డున బెస్తవాళ్ళ పల్లె. తండ్రి పడవ మీద వేటకు వెళ్ళేవాడు. తల్లి ఎండుచేపల గంప మోసుకొచ్చి భట్టిప్రోలు సంతలో అమ్మేది, అక్కడే ఉన్న చెల్లెలింట్లో ఆగేది. ఆ పల్లెలో డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. వాళ్ళ బళ్ళో సైన్సు టీచరు పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. ఏ మాస్టారు వచ్చినా ఉప్పునీళ్ళు తాగలేక మూడో నెల్లో బదిలీ చేయించుకుపోయేవాడు. ఈ అమ్మాయి డిగ్రీ పాసయితే ఆ వేసవిలోనే బి.ఇడి.లో చేరి, తిరిగొచ్చి ఆ బళ్ళో టీచరవుదామని. పల్లె మొత్తం ఆ లెక్కన ఎదురుచూస్తోంది.

సభ జరిగిన నాలుగో రోజు లాబ్‌లో ఎథిలీన్ ప్రయోగం. రంగులు పోతున్నాయి, పిల్లలు నూటడెబ్బైలు రాస్తున్నారు. ఆ అమ్మాయి ఒక్కతే కలం మూసి నిలబడింది.

"సార్, ఒకటి అడగొచ్చాండి?"

"అడుగమ్మా."

"మొన్న స్వామి చేసిందీ ఇప్పుడు మనం చేసిందీ ఒకటేనేమోనండి."

పక్కనున్న కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు.

"ఏంటమ్మా ఆ మాట?"

"వాసన అదేనండి, అగ్గిపుల్ల వాసన. గొట్టం చివర ముక్కు పెట్టి చూశాను. ఆసిడ్‌కీ స్పిరిట్‌కీ పడక ఫ్లాస్కు లోపలంతా నల్లగా మాడిపోయిందండి. మాడినప్పుడు ఆసిడ్‌లోంచి గంధకం పొగ వస్తుందని మీరే చెప్పారు. ఆ పొగకి కూడా బ్రోమిన్ రంగు పోతుంది కదండీ? అలాంటప్పుడు ఎథిలీన్ వచ్చిందని ఎలా తెలుస్తుందండి?"

"ముక్కుతో కెమిస్ట్రీ చెయ్యకూడదమ్మా," అన్నాను.

"భట్టిప్రోలులో చెయ్యమన్నారు కదండీ. మా ఇంట్లో అంతేనండి, చేప ఎప్పటిదో అమ్మేవాణ్ణి అడగం. వాసన చూస్తాం."

కుర్రాళ్ళు ఈసారి నవ్వలేదు. నేను స్టాండుకు వేలాడుతున్న థర్మామీటరు వైపు చూశాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి దాని పైగీత పక్కన అంకె చదివాను.

లాబ్ ఖాళీ అయ్యాక అటెండరును పిలిచాను. పెద్దాయన, కాలేజీ పుట్టినప్పటి నుంచి ఉన్నవాడు. స్పిరిట్ బీరువా తాళం ఆయన మొలతాడుకే ఉండేది. ఈ ప్రయోగంలో ఫ్లాస్కుకూ బ్రోమిన్ నీళ్ళకూ మధ్య కాస్టిక్ సోడా సీసా ఒకటి ఉండాలని పుస్తకాల్లో ఉంది. గంధకం పొగను కాస్టిక్ సోడా మింగేస్తుంది, ఎథిలీన్‌ను ముట్టుకోదు. అది దాటుకుని వచ్చి రంగు పోగొడితేనే ఎథిలీన్. మరి మన సీసా ఏదయ్యా అని అడిగాను.

"ఉండేదండి మొదట్లో. మీరు రాకముందు ఒకాయన ఉండేవారు, ఆయన గొట్టం తియ్యకుండా దీపం తీసేశారండి. ఫ్లాస్కు చల్లబడేసరికి సీసాలో సోడా అంతా వెనక్కి పీల్చుకుపోయి కాగే ఆసిడ్‌లో పడింది. టపామని పేలిందండి! ఆయన పంచె జల్లెడ అయిపోయింది. హెడ్డు గారు వచ్చి, 'ఆ దరిద్రపు సీసా తీసి అవతల పారెయ్' అన్నారు. అప్పట్నుంచి లేదండి."

"పారేశావా?"

ఆయన కాస్త నసిగాడు. "గాజు సీసా కదండీ, పారెయ్యబుద్ధి కాలా. పదిసార్లు కడిగి ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ ఉప్పు పోసుకుంటోంది."

అదీ మా శాస్త్రీయ విధానం పుట్టుపూర్వోత్తరాలు. ఒకాయన పంచె చిరిగింది, ఒక సీసా పోయింది. సీసా లేకుండా హెడ్డు గారు నోట్సు రాయించారు. ఆ నోట్సు చదివినవాళ్ళే మళ్ళీ వచ్చి ట్యూటర్లయ్యారు. సీసా ఎందుకు పోయిందో మరిచిపోయారు, అసలు ఉండేదన్న సంగతే మరిచిపోయారు. ఏ ఆచారమైనా ఇలాగే పుడుతుందని నేను ఎన్ని సభల్లో చెప్పానో లెక్క లేదు.

హెడ్డు గారి గదికి వెళ్ళాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగారు.

"ఇన్నేళ్ళలో ఈ ప్రయోగంలో ఒక్కడైనా ఫెయిలయ్యాడా?"

"లేదండి."

"ఇంకేం! ప్రయోగం సరిగ్గా ఉన్నట్టేగా?"

తర్కశాస్త్రం పుట్టిన దగ్గర్నుంచి ఇంత బలమైన వాదన నేను వినలేదు.

"థర్మామీటరు నూటపది దాకేనండి..."

"ఇదిగో, నీకు స్వాములున్నారు, బాబాలున్నారు. ఊరూరా తిరిగి వాళ్ళ మీద పడు, నేను వద్దన్నానా? లాబ్ జోలికి రాకు. నెల్లో పరీక్షలు. నీ పర్మనెంటు కాగితం నా టేబులు మీదే ఉంది, తెలుసుగా?"

తెలుసు. ఎనిమిదేళ్ళుగా నేను టెంపరరీనే. పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుని బయటికొచ్చాను. 'తరవాత చూద్దాం' అనే మాట కనిపెట్టినవాడికి ఈ దేశంలో గుడి కట్టకపోవటం అన్యాయం.

వరండాలో ఆ అమ్మాయి నిలబడి ఉంది.

"సార్, పరీక్షలో అదే ప్రయోగం వస్తే ఏం రాయమంటారండి?"

అప్పుడే హెడ్డు గారి ముందు తోక ముడిచి వచ్చాను. ఆ సిగ్గు కప్పుకోవాలి. అందుకని గొంతు పెంచి చెప్పాను.

"ఏది చూస్తే అది రాయి. భయపడకు. నేనున్నానుగా."

ఆ 'నేనున్నానుగా' అన్న మాట గుర్తు పెట్టుకోండి.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున్నే ఎండ దంచేస్తోంది. బయటి ఊరి కాలేజీ నుంచి ఎగ్జామినరు పాసింజరు బండి దిగి వచ్చాడు. ఇడ్లీలు, కొబ్బరిబొండాం అయ్యాక, తిరుగుబండి ఎన్నింటికని అడిగాడు. పరీక్ష గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే. పిల్లలు చీటీలు తీశారు. ఎథిలీన్ చీటీలు ఎక్కువే వేశాం, తేలికని. ఆ అమ్మాయికీ అదే వచ్చింది.

నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. ఆమె ఫ్లాస్కు బిగించింది, దీపం వెలిగించింది. బ్రోమిన్ రంగు పోయింది. అందరూ అక్కడ ఆపి రాయటం మొదలుపెట్టారు. ఆమె ఆపలేదు. డైక్రోమేట్‌లో తడిపిన కాగితం ముక్క గొట్టం దగ్గర పట్టింది. నారింజరంగు కాగితం ఆకుపచ్చగా తిరిగింది. గంధకం పొగకు అదే గుర్తు, సాల్టుల పరీక్షలో పిల్లలందరికీ నేర్పిందే. తరవాత, పుస్తకాల్లో ఉన్నట్టే, అలమరలోంచి కాస్టిక్ సోడా తెచ్చి ఒక పరీక్షనాళికలో పోసి, గొట్టాన్ని దాని గుండా తిప్పి, తాజా బ్రోమిన్ నీళ్ళలోకి పంపింది. బుడగలు చాలాసేపు వెళ్ళాయి. రంగు అలాగే ఉంది. దీపం తీసే ముందు గుర్తుంచుకుని గొట్టం తీసేసింది. పంచె జల్లెడైన ఆ పాతకాలపు ఆయనకు ఈ పాటి బుద్ధి ఉంటే ఈ కథే లేదు.

ఎగ్జామినరు పేపర్లు తిరగేస్తూ ఆమె దగ్గర ఆగాడు.

"ఏంటమ్మా ఇది? 'ఎథిలీన్ వచ్చిందని చెప్పలేను' అంటావేంటి?"

"కాస్టిక్ సోడా దాటించాక రంగు పోలేదండి. ముందు పోయింది గంధకం పొగకేనండి."

"టెంపరేచరు గడి ఖాళీగా వదిలేశావు?"

"తెలియదండి."

"తెలియకపోవటమేంటి! నూటడెబ్బై."

"థర్మామీటరు నూటపది దాకే ఉందండి."

ఆయన థర్మామీటరు చేతిలోకి తీసుకున్నాడు, చూశాడు. ఆయన ముఖం చూసి నాకర్థమైంది, వాళ్ళ కాలేజీలో ఉన్నవీ నూటపదివే. మెల్లిగా యథాస్థానంలో వేలాడదీశాడు.

"మిగతా వాళ్ళందరికీ నూటడెబ్బై వచ్చిందే?"

"వాళ్ళకెలా వచ్చిందో వాళ్ళనే అడగండి సార్."

హెడ్డు గారు వెనకనుంచి నవ్వారు. "పొద్దస్తమానం చేపల వాసనలో పెరిగిన ముక్కండీ. దానికి ఎథిలీన్ ఏం తెలుస్తుంది?"

ఎగ్జామినరూ నవ్వాడు. ఆమె నవ్వలేదు, ఏడవలేదు కూడా. నా వైపు చూసింది. ఎగ్జామినరు కూడా నా వైపే తిరిగాడు. ఇద్దరు ఎగ్జామినర్ల సంతకం ఉంటేనే మార్కుల కాగితం చెల్లుతుంది. రెండోవాణ్ణి నేను.

"మీరేమంటారు మాస్టారూ?"

కులాల మీద గంటన్నర ఉపన్యాసం చూడకుండా ఇవ్వగలిగినవాణ్ణి. స్వామి గడ్డం పట్టుకుని గుంజటానికి జంకనివాణ్ణి. ఆ క్షణంలో నా కళ్ళకు కనిపించింది హెడ్డు గారి టేబులు మీది కాగితం. దానికన్నా పెద్ద భయం ఇంకోటుంది, అది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆమె రాసింది నిజమైతే, ఎనిమిదేళ్ళుగా నేను టిక్కు కొట్టిన పుస్తకాలన్నీ అబద్ధం. ఆ స్వామి నయం. ఆయన అబద్ధం ఆడుతున్నానని ఆయనకు తెలుసు.

"నోట్సులో ఉన్న ప్రొసీజరు వేరు సార్," అన్నాను.

అంతే. ఆ నాలుగు ముక్కలే. ఆయన ఎర్ర కలంతో 'ఫలితం రాలేదు' అని రాసి కాగితం నా ముందుకు తోశాడు. సంతకం పెట్టాను. ఎగ్జామినరు తిరుగుబండి అందుకున్నాడు.

గేటు దగ్గర ఆమె కనిపించింది.

"మీరు చెప్పిందే రాశానండి," అంది. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "మీరున్నానన్నారు కదా అనుకున్నానండి."

నేను చేతిలో తాళాల గుత్తి చూసుకున్నాను.

ప్రాక్టికల్ తప్పితే మొత్తం తప్పినట్టే. ఆ వేసవిలో బి.ఇడి. సీటు పోయింది. ఆ పల్లె బడికి సైన్సు టీచరు ఇంకో ఏడాది లేకుండా పోయింది. నాకు జూన్‌లో పర్మనెంటు కాగితం చేతికొచ్చింది. మిఠాయి పంచాను.

సెప్టెంబరులో తప్పినవాళ్ళకు మళ్ళీ పరీక్ష. ఆమె వచ్చింది. ఎగ్జామినరు వేరే ఆయన, ప్రయోగం అదే. ఈసారి ఫ్లాస్కు బిగించి, దీపం వెలిగించి, బల్లకు వీపు పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అక్కడే పేపరు రాసేసింది. ఉష్ణోగ్రత నూటడెబ్బై. బ్రోమిన్ రంగు పోయింది. కనుక ఎథిలీన్. అచ్చు గుద్దినట్టు హెడ్డు గారి నోట్సు. వెనక ఫ్లాస్కులో ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఎగ్జామినరు ముచ్చటపడి, "చూశారా, ఎంత నీటుగా రాసిందో!" అని నాకు చూపించాడు. ముప్పాతిక వంతుకు పైనే మార్కులు వేశాడు. నేను సంతకం పెట్టాను.

వరండాలో ఆపి అడిగాను. అడగటానికి నాకు నోరెలా వచ్చిందో.

"ఏమ్మా, ఈసారి వాసన రాలేదా?"

"ఈసారి చూళ్ళేదండి. రాశాను."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఎంతోమంది పండితులు సభల్లో నా మీద దుమ్మెత్తిపోశారు, నాస్తికుడన్నారు, చచ్చాక నరకమన్నారు. ఆ రెండు మాటలు తగిలినట్టు ఏ శాపమూ తగల్లేదు.

ఆ నెలలోనే బెజవాడ వెళ్ళి మూడొందలరవై డిగ్రీల దాకా గీతలున్న థర్మామీటరు ఒకటి తెచ్చాను. ఓ సెలవు రోజు మధ్యాహ్నం అటెండరూ నేనూ లాబ్ తలుపులు వేసుకుని కూర్చున్నాం. ఆయన ఇంటినుంచి ఆ పాత సీసా తెచ్చాడు, ఉప్పు కడిగి.

"వెనక్కి పీల్చుకోకుండా ఫ్లాస్కుకీ దీనికీ మధ్యలో ఒక ఖాళీ సీసా పెడితే సరిపోతుందిగదండీ," అన్నాడు తాపీగా. "వెనక్కొచ్చింది అందులోనే పడుద్ది."

"ఈ మాట అప్పుడే చెప్పలేకపోయావా?"

"నన్నెవరడిగారండి?"

థర్మామీటరు గుండును ఆసిడ్‌లోనే ముంచి ఫ్లాస్కు వేడి చేశాం. నూటనలభై దగ్గర తియ్యటి ఈథర్ వాసన. కాస్టిక్ సోడా దాటాక బ్రోమిన్ రంగు ఉన్నది ఉన్నట్టే ఉంది. అంటే మా పిల్లలు ఇన్నేళ్ళూ తయారుచేసింది ఎక్కువగా ఈథరూ గంధకం పొగానూ. నూటయాభై దాటింది. మంట పెంచాం. నూటఅరవై అయిదు, నూటడెబ్బై. ఇసుక పళ్ళెం మీద ఫ్లాస్కు బుసకొడుతోంది. కాస్టిక్ సోడాలోంచి బుడగలు వరసగా వచ్చి బ్రోమిన్ నీళ్ళలోకి దూరాయి. ఎరుపు పసుపయింది. పసుపు పలచబడింది. కాసేపటికి సీసా తేటగా మంచినీళ్ళలా ఉంది.

"వచ్చిందాండీ?" అన్నాడు అటెండరు.

"వచ్చింది."

"అయితే మనం ఇన్నాళ్ళూ రాయించింది అబద్ధం కాదన్నమాట."

"అబద్ధమే. ఎథిలీన్ నిజం. మనం చూశామనటం అబద్ధం."

ఆయన ముందు గొట్టం తీసి, తరవాత దీపం ఆర్పాడు. "ఆ అమ్మాయి చూస్తే బాగుండేదండి," అన్నాడు.

మరుసటి ఏడు నుంచి ఆ సీసాలు రెండూ, ఆ థర్మామీటరూ నా క్లాసులో ఉన్నాయి. హెడ్డు గారు ఏమీ అనలేదు. పర్మనెంటు అయినవాణ్ణి ఏమంటారు? ధైర్యం నాకు కాగితం మీద వచ్చింది, ప్రభుత్వ ముద్రతో. మొదటి ఏడాది సగం మంది పిల్లలకు ఎథిలీన్ రాలేదు. 'రాలేదు' అని రాసినవాళ్ళకు పూర్తి మార్కులు వేశాను.

తరవాత దుగ్గిరాలలో ఒక సభకు పిలిచారు. బల్ల ఎక్కి, స్వామి సంగతికి ముందు మా లాబ్ సంగతి చెప్పాను. అమ్మాయి సంగతి, నా సంతకం సంగతి అంతా. జనం బాగానే విన్నారు. సభ పెట్టినవాళ్ళకు మాత్రం ముఖాలు మాడాయి. దిగాక కార్యదర్శి నన్ను పక్కకు పిలిచి, "ఏంటి సార్ ఇది? మన పరువు మనమే తీసుకుంటే ఎలా? అవతలివాళ్ళకు అలుసైపోమూ?" అన్నాడు. మనం, అవతలివాళ్ళు! ఆ తరవాత నాకు పిలుపులు తగ్గాయి. హేతువాదులకూ అంటరాని ప్రశ్నలుంటాయని అప్పుడు తెలిసింది. ఇతరుల ధూపంలో గంధకం వెతకటం సరదా. మన ఫ్లాస్కులోది చూడాలంటే మాత్రం సెలవు రోజు తలుపులు వేసుకోవాలి.

ఆ అమ్మాయి ఏడాది ఆలస్యంగా బి.ఇడి. చేసి వాళ్ళ పల్లె బళ్ళోనే టీచరైందని విన్నాను. చాలాకాలం అక్కడే పనిచేసిందట. వెళ్ళి కలవలేదు. ఒకసారి బస్సెక్కి ఆ పల్లె పొలిమేర దాకా పోయి, టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చాను. ఆమె ముందు నిలబడటానికి సిగ్గు ఒక కారణం. ఇంకో కారణం, ఒక ప్రశ్నకు జవాబు తెలుసుకోవటానికి నాకు ధైర్యం లేదు. ఆమె తన పిల్లలకు ఏం నేర్పింది? మొదటి పరీక్షలో చేసినట్టు చూడమని నేర్పిందా, రెండో పరీక్షలో చేసినట్టు రాయమని నేర్పిందా? ఆమె మొదటిది నేర్పి ఉంటే అది ఆమె గొప్ప. రెండోది నేర్పి ఉంటే ఆ పాఠం చెప్పిన మాస్టారు నేను.

ఇక మీ సంగతి. 'ఆ కాలం అలాంటిది' అని నన్ను క్షమించి ఈ పుస్తకం మూసేయాలని చూస్తున్నారు. అక్కర్లేదు, మీ క్షమ నేనేం చేసుకోను? లేచి మీ రికార్డు తియ్యండి. మీరు టీచరైతే మీ పిల్లల రికార్డులు తియ్యండి. ఒక్కొక్క పేజీ దగ్గర ఆగి, మీరు చూడకుండా రాసిన ప్రతి అంకె మీదా అడ్డంగా గీత కొట్టి, పక్కన 'నేను చూడలేదు' అని రాసి సంతకం పెట్టండి. రేపు పొద్దున లాబ్‌లోకి వెళ్ళగానే స్టాండుకు వేలాడుతున్న థర్మామీటరు తీసి, దాని పైగీత పక్కన అంకె ఎంతో గట్టిగా, గదిలో అందరికీ వినపడేలా చదవండి.